చెరువు కట్ట మీద జనవరి లెక్క: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో శీతాకాల పక్షి గణన

ఏటా జనవరి రెండవ, మూడవ వారాలలో, యాసంగి వరినాట్లు జోరుగా సాగే రోజులలోనే, ఆసియాలోని అనేక దేశాలలో నీటిపక్షుల గణన జరుగుతుంది. ఈ పనికి నియామక ఉత్తర్వులు ఉండవు, భత్యం ఉండదు. బైనాక్యులర్ ఉన్నవారు దానిని తెచ్చుకుంటారు, లేనివారు కళ్ళనే నమ్ముకుని వస్తారు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల చెరువులు ఈ గణనకు ఎంతో అనువైనవి. అయినా హైదరాబాదు చుట్టుపట్ల చెరువుల వద్ద కనిపించినంత మంది గణకులు ఈ మూడు జిల్లాల కట్టల మీద కనిపించరు. వ్యవసాయ విద్యార్థులు, విస్తరణ సిబ్బంది, గ్రామీణ ఉపాధ్యాయులు, రైతులు ఈ పనిలో పాలుపంచుకోవలసిన అవసరం ఏమిటి, పాలుపంచుకునే తీరు ఏమిటి, ఆ లెక్క వలన చెరువుకూ చేనుకూ ఒనగూరే ప్రయోజనం ఏమిటి అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచాను.

మొదట ఒక ఉదయం సంగతి. జనగామ జిల్లాలో పాలకుర్తి వైపున ఉన్న ఒక మధ్యతరహా చెరువుకు ముగ్గురు విద్యార్థులతో కలిసి వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. తూము దగ్గర తెప్ప మీద వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చాలాసేపు గమనించి, చివరకు అడగనే అడిగాడు: "గీ బాతుల లెక్కవెట్టి ఏం జేస్తరు సారూ? ఏటా అచ్చేటియే గదా!" ఆయన ప్రశ్నకు ఆ క్షణాన నేను చెప్పిన సమాధానం నాకే అంతగా రుచించలేదు. ఏటా వచ్చేవి ఏటా అంతే సంఖ్యలో వస్తున్నాయా అన్నది తెలుసుకోవటానికే ఈ లెక్క అన్నాను. ఆయన నవ్వి, తన చిన్నతనంలో మత్తడి కింది గుంటలలో దిగే బాతుల గురించి చెప్పటం మొదలుపెట్టాడు. ఆ మాటలను విద్యార్థులలో ఒకరు రాసుకున్నారు. గణన పత్రంలో వాటికి గడి లేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

గణన పుట్టుపూర్వోత్తరాలు

సామాన్యులు పక్షులను లెక్కించి, ఆ లెక్కను శాస్త్రానికి అప్పగించే ఆచారం 1900లో అమెరికాలో మొదలైంది. అక్కడ క్రిస్మస్ రోజున జట్లుగా చీలి, ఎవరు ఎక్కువ పక్షులను కాల్చితే వారు గెలిచినట్టు ఒక వేట పందెం నడిచేది. ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రవేత్త ఆ సంవత్సరం కాల్చటానికి బదులు లెక్కించండని పిలుపునిచ్చాడు. 25 చోట్ల 27 మంది స్పందించారు. ఆ గణన నేటికీ ఆగలేదు. నీటిపక్షులకు ప్రత్యేకించిన అంతర్జాతీయ గణన 1967లో ఐరోపాలో మొదలై, 1987లో ఆసియా నీటిపక్షుల గణనగా మన ఉపఖండానికి చేరింది. వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ దీనిని నడుపుతుండగా, మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సమన్వయ బాధ్యతలో భాగస్వామి. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ వేరొకటి. 1998లో ఆరంభమైన ఆ గణనలో మన దేశం 2013 నుంచి పాల్గొంటున్నది. దానికి చెరువే అక్కరలేదు. పెరడు, పొలం గట్టు, కళాశాల ప్రాంగణం, ఏదైనా సరే, పదిహేను నిమిషాలు నిలబడి కనిపించిన పక్షులన్నింటినీ నమోదు చేస్తే చాలు.

మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ఈ వరుసలో ముందుగా చెప్పుకోవలసిన పేరు సలీం అలీ. నిజాం ప్రభుత్వం అండతో ఆయన 1931, 32 సంవత్సరాలలో హైదరాబాదు సంస్థానంలో జరిపిన పక్షి సర్వే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఏయే జాతులు ఇక్కడ ఉన్నాయో చెప్పటానికి ఈనాటికీ అదే పునాది. కాని జాతుల జాబితా వేరు, సంఖ్యల వరుస వేరు. ఒక చెరువు మీద ఒక జాతి ఉన్నదని ఒక్కసారి చూసినా చెప్పవచ్చును. తగ్గుతున్నదని చెప్పాలంటే ఏళ్ళ తరబడి అదే కట్ట మీద, అదే నెలలో నిలబడాలి. 1980లో హైదరాబాదులో ఏర్పడి, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అనే పేరుతో నడుస్తున్న పక్షి పరిశీలకుల సంఘం వంటి స్వచ్ఛంద బృందాల ఓపికే ఈ రెండవ రకం సమాచారానికి ఆధారం.

మూడు జిల్లాలు, మూడు రకాల నీరు

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. 2019లో ములుగు విడిపోవటంతో రామప్ప, లక్నవరం చెరువులు భూపాలపల్లి జిల్లా నుంచి ఆ జిల్లాకు వెళ్ళాయి. ఇది పాలనా విషయమే అయినా గణకునికి ఒక హెచ్చరిక. పాత నమోదులలో "వరంగల్ జిల్లా" అని ఉన్న సంఖ్యను నేటి జిల్లా సంఖ్యతో పోల్చరాదు. లెక్క చెరువు పేరు మీద ఉండాలి, జిల్లా పేరు మీద కాదు.

జనగామ మెట్ట ప్రాంతం. వాన తప్పితే చెరువు నెర్రెలు బారిన రోజులు ఇక్కడి నడివయసు రైతులందరికీ గుర్తే. ములుగు జిల్లా గంగారం వద్ద గోదావరి నీటిని ఎత్తి పోసే దేవాదుల పథకం వలన స్టేషన్ ఘన్‌పూర్, అశ్వరావుపల్లి, గండిరామారం, బొమ్మకూరు వంటి జలాశయాలకు నీరు చేరి, వాటి నుంచి ఊరి చెరువులు నిండుతున్నాయి. ఒకప్పుడు జనవరికి బురద గుంటగా మారే చెరువు నేడు అదే నెలలో అంచుల దాకా నిండి ఉండవచ్చును. రైతుకు ఇది వరమే. పక్షుల లెక్కలో మాత్రం ఇది తారుమారు తెస్తుంది. ఉల్లంకులు, చిన్న కొంగలు, వాగ్‌టెయిల్‌లు వెతుక్కునేది జానెడు లోతు కూడా లేని నీటినీ, తడి బురద అంచునూ. కట్ట నిండా నీరుంటే వాటికి నిలబడటానికే చోటు ఉండదు. మునిగి మేత పట్టే నీటికాకులు, బొల్లికోళ్ళు పెరుగుతాయి. కనుక "పక్షులు పెరిగాయి", "తగ్గాయి" అనే ముందు ఆ రోజు నీటిమట్టం ఎంత అన్నది పత్రంలో ఉండి తీరాలి. 2015 మార్చిలో ఆరంభమైన మిషన్ కాకతీయలో 46,531 చెరువులు, కుంటల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకున్నారు. పూడిక తీసిన చెరువుకూ తీయని చెరువుకూ ఒడ్డు వాలులో వచ్చే తేడాను, ఆ తేడా వలన పక్షి జాతులలో వచ్చే మార్పును పక్కపక్క చెరువులలోనే పోల్చి చూడవచ్చును. స్నాతకోత్తర విద్యార్థి ఎవరైనా దీనిని సిద్ధాంత వ్యాసంగా తీసుకుంటే మూడు శీతాకాలాలు చాలు అని నా అభిప్రాయం.

మహబూబాబాద్ జిల్లాలో పరిస్థితి వేరు. ఒక పక్క గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల అడవి, మరొక పక్క మిర్చి, పత్తి, వరి సాగయ్యే మైదానం. మున్నేరు, ఆకేరు ఇక్కడి వాగులు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ తవ్వించిన బయ్యారం పెద్దచెరువు ఈ జిల్లాలోనే ఉన్నది. కాకతీయుల వంశావళిని తెలిపే బయ్యారం చెరువు శాసనాన్ని చరిత్ర విద్యార్థులు ఎరుగని వారుండరు. ఎనిమిది వందల ఏళ్ళ నీటి చరిత్ర గల చోట నీటిపక్షుల చరిత్ర కూడా అంతే పాతది అయి ఉంటుంది, కాని దానిని చెక్కిన రాయి ఏదీ లేదు. అడవి అంచున ఉన్న చెరువులలో గణన చేసేవారికి ఒక లాభం ఉన్నది: నీటిపక్షులతో పాటు చెట్ల మీది పక్షులు, ఒడ్డు తుప్పలలోని పక్షులు కూడా ఒకే ఉదయాన దొరుకుతాయి. ఒక నష్టమూ ఉన్నది, దృష్టి చెదిరిపోతుంది. నీటిపక్షుల లెక్క ముగిసేదాకా చెట్ల వైపు చూడవద్దని విద్యార్థులకు ముందే చెప్పటం మేలు.

భూపాలపల్లి జిల్లాలో కాకతీయుల నాటి గణపసమద్రం ఉన్నది, కోటగుళ్ళకు వెళ్ళినవారు దానిని చూసే ఉంటారు. భీమ్‌ఘన్‌పూర్ జలాశయం ఉన్నది. వీటన్నిటికంటే భిన్నమైనది గోదావరి. కాళేశ్వరం వద్ద ప్రాణహిత కలిసిన తరువాత నది విశాలమై, వానలు తగ్గిన పిదప ఇసుక తిన్నెలు బయటపడతాయి. రివర్ టర్న్ అనే నదీ పక్షి ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఇలాంటి ఇసుక తిన్నెల మీదనే, గూడు అనదగినది ఏమీ లేకుండా, చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. చుట్టూ నీరున్నంత కాలమే కుక్కల నుంచి, నక్కల నుంచి దాని గుడ్లకు రక్షణ. ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ఇప్పుడు ముప్పు పొంచి ఉన్న జాతుల వర్గంలో చేర్చింది. 2019 జూన్‌లో మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమైన తరువాత దాని ఎగువన నీరు నిలిచింది; 2023 అక్టోబరులో స్తంభాలు కుంగటంతో నీటిని వదిలివేయవలసి వచ్చింది. నీరు నిలిచినప్పుడు తిన్నెలు మునుగుతాయి, వదిలినప్పుడు తేలుతాయి. ఈ రెండు దశలలోనూ ఒకే చోట నిలబడి చేసిన జనవరి గణన ఉంటే ఎంతో విలువైనదయ్యేది. ఇంజినీరింగ్ వివాదాల జోలికి మనం పోనక్కరలేదు. ఇకమీదట ఆ ఒడ్డున ఏ నిర్ణయం జరిగినా, జరగకముందు పరిస్థితి ఇది అని చెప్పగల ఒక సంఖ్య మాత్రం ఉండాలి.

లెక్కించే తీరు

చూడటానికి ఇది సులువైన పని. చేసి చూస్తే తెలుస్తుంది కష్టం. సూర్యుడు వెన్ను వైపు ఉండేట్టు కట్ట మీద చోటు ఎంచుకోవటం మొదటి నియమం. ఉదయం పూట తూర్పు ముఖంగా నిలబడితే నీటి మీది మెరుపులో ప్రతి పక్షీ నల్లని చుక్కే. తరువాత ఎడమ నుంచి కుడికి మెల్లగా ఒక్కసారి చూపు సారించి, జాతులను గుర్తించుకోవాలి. రెండవసారి లెక్క. యాభై లోపు ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా లెక్కించవచ్చును. వందలలో ఉన్నప్పుడు పది పక్షులను లెక్కించి, ఆ పది ఆక్రమించిన చోటు ఎంతో కంటికి అలవాటు చేసుకుని, గుంపు మొత్తంలో అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో చూడాలి. వేలలో ఉంటే ఆ కొలత పదికి బదులు యాభై లేదా వంద. పంట కోత ప్రయోగాలలో చిన్న మడిని కోసి దిగుబడిని అంచనా కట్టినట్టే ఇదీను. వ్యవసాయ విద్యార్థులు దీనిని ఇట్టే పట్టుకుంటారు.

అయితే గుంపులు మడి లాగా సమంగా ఉండవు. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలుచగా ఉంటాయి. మధ్యను కొలతగా తీసుకున్నవారు ఎక్కువ చెబుతారు, అంచును తీసుకున్నవారు తక్కువ చెబుతారు. నేను పైన చెప్పిన ఉదయాన జరిగిందదే. ఎర్ర చిలువల గుంపును చూసి ఒక విద్యార్థి చెప్పిన సంఖ్య, రెండవ విద్యార్థిని చెప్పిన సంఖ్యకు సగం కూడా లేదు. ఎవరిది సరి అన్న వాదం కాసేపు నడిచింది. చివరకు ఫోనుతో తీసిన ఫొటోను పెద్దది చేసి, చుక్కలు పెట్టి లెక్కిస్తే ఇద్దరి సంఖ్యలకూ మధ్యన తేలింది. కొత్తవారు పెద్ద గుంపులను సాధారణంగా తక్కువగా అంచనా వేస్తారు. ఈ అలవాటు సాధనతో తప్ప పోదు. అందుకే గణనకు ముందు వారం, ఎవరూ నమోదు చేయని ఒక ఉదయం, చెరువు మీద కేవలం సాధన కోసం గడపటం అవసరం.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి. తొలినాళ్ళలో ఒక చెరువు నడుమ వరుసగా తేలుతున్న బొల్లికోళ్ళను శ్రద్ధగా లెక్కించి రాశాను. ఎంతసేపటికీ అవి మునగకపోవటం, ఒకదానికొకటి సమాన దూరంలో ఉండటం నాకు తట్టలేదు. తెప్ప మీద వచ్చిన మనిషి వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి తెప్పలో వేసుకున్నాడు. అవి వలకు కట్టిన నల్ల ప్లాస్టిక్ సీసాలు. ఆనాటి నుంచి కదలని పక్షిని నేను లెక్కించను.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది చిన్నచూపు చూసేది సున్నా. పక్షులు లేని చెరువుకు వెళ్ళి, గంటసేపు నిలబడి, ఏమీ కనిపించక వెనుదిరిగి, పత్రం నింపకుండా ఊరుకోవటం గణకులలో సర్వసాధారణమైన పొరపాటు. ఆ చెరువు ఎండిందా, గుర్రపుడెక్క కమ్మేసిందా, చేపల కోసం జమ్ము, తుంగ పూర్తిగా కోసేశారా, కారణం ఏదైనా ఆ సున్నా ఒక పరిశీలన. పొలంలో మొలకెత్తని వరుసను లెక్కలోంచి తీసేసి మొలక శాతం కట్టే పరిశోధకుడు ఎవరైనా ఉంటారా?

నమోదుకు ఇప్పుడు ఈబర్డ్ అనే అప్లికేషన్ ఫోనులో ఉన్నది. 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఈ వేదికపై మన దేశ పరిశీలకులు పెద్ద సంఖ్యలో సమాచారం చేరుస్తున్నారు. బర్డ్ కౌంట్ ఇండియా ఆ పనిని సమన్వయపరుస్తున్నది. మొదలుపెట్టిన సమయం, గడిపిన నిమిషాలు, నడిచిన దూరం, పరిశీలకుల సంఖ్య నమోదు కావాలి. కనిపించిన జాతులన్నిటినీ రాయాలి, నచ్చినవి మాత్రమే కాదు. కాకిని వదిలేసిన జాబితా శాస్త్రానికి సగమే ఉపయోగం. గూళ్ళున్న చోటును ఫొటోతో సహా బయట పెట్టకపోవటం, గుంపును లేపి ఎగిరేట్టు చేయకపోవటం, డ్రోను వాడకపోవటం మర్యాదలు.

చేనుకు ఈ లెక్కతో పని ఏమిటి

సస్యరక్షణ సిఫారసులలో ఎకరానికి పది నుంచి ఇరవై పక్షి స్థావరాలు ఏర్పాటు చేయమని మనం రైతులకు చెబుతూనే ఉన్నాము. కంది, పత్తి, శనగ చేలలో ఆ పంగల కర్రల మీద వాలి శనగపచ్చ పురుగును, మిడతలను ఏరుకుతినేవి ప్రధానంగా పసులపోలిగాడు, గోరింక, పాలపిట్ట. కర్ర పాతటం సిఫారసు చేశాము, దాని మీద వాలే పక్షి ఆ మండలంలో ఎన్ని మిగిలి ఉన్నాయన్నది చూస్తున్నామా? రాజేంద్రనగర్‌లోని మన విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వ్యవసాయ పక్షిశాస్త్ర అఖిల భారత పరిశోధనా కేంద్రం చాలాకాలంగా పంటలకు మేలు, కీడు చేసే పక్షుల మీద పరిశోధనలు జరిపింది. మొక్కజొన్న, జొన్న, పొద్దుతిరుగుడు చేలపై రామచిలుకల దాడిని మెరిసే రిబ్బన్లతో తగ్గించే పద్ధతి వంటివి ఆ పరిశోధనలోని భాగమే. అలాంటి పరిశోధనకు ఊరూరా వెన్నుదన్నుగా నిలిచేది స్వచ్ఛంద గణన.

పాలపిట్ట సంగతి చూడండి. దసరా నాడు దాని దర్శనం కోసం ఊరు ఊరంతా పొలిమేర దాకా వెళుతుంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా దానినే ఎంచుకున్నాము. 2023 ఆగస్టులో వెలువడిన "భారతదేశ పక్షుల స్థితి" నివేదిక సుమారు 30 వేల మంది పరిశీలకులు అందించిన 3 కోట్ల పరిశీలనల ఆధారంగా 942 జాతులను అంచనా వేసి, 178 జాతులకు సంరక్షణలో అధిక ప్రాధాన్యం ఇవ్వాలని తేల్చింది. 30 శాతం లేదా అంతకు మించి తగ్గినందున ప్రపంచస్థాయిలో తిరిగి మదింపు చేయవలసిన 14 జాతులను పేర్కొన్నది. ఆ జాబితాలో పాలపిట్ట ఉన్నది. మన చెరువులకు శీతాకాలంలో వచ్చే సూదితోక బాతు, కామన్ టీల్, కామన్ శాండ్‌పైపర్ కూడా ఉన్నాయి. అదే నివేదికలో నెమలి బాగా పెరిగినట్టు తేలింది. మొలకలను, గింజను నెమళ్ళు పాడు చేస్తున్నాయని రైతులు చెబితే నమ్మని అధికారులకు ఆ రైతు పక్షాన నిలిచిన సంఖ్య కూడా అదే. లెక్క ఎవరి పక్షమూ వహించదు గనుకనే అందరికీ పనికి వస్తుంది.

పురుగుమందుల విషయంలో శీతాకాల గణన ఎంత పని చేయగలదో అర్జెంటీనా ఉదంతం చెబుతుంది. ఉత్తర అమెరికాలో గూడు కట్టే స్వెయిన్సన్స్ హాక్ అనే డేగ ఒకటి అక్కడి శీతాకాలంలో అర్జెంటీనా మైదానాలకు వలస వెళ్ళి, పంట చేలలో మిడతలను తిని బతుకుతుంది. పక్షులకు ఉపగ్రహ పరికరాలు అమర్చి వెంబడించిన శాస్త్రవేత్తలకు 1995, 96 నడిమి కాలంలో అక్కడి చేలలో ఐదు వేలకు పైగా కళేబరాలు దొరికాయి. మొత్తం మరణాలు సుమారు ఇరవై వేలని అంచనా. మిడతల మీద చల్లిన మోనోక్రోటోఫాస్ కారణమని తేలింది. మిడతను తిని రైతుకు సాయపడేందుకు వచ్చిన పక్షే మిడత మందుకు బలి అయింది. అర్జెంటీనా ఆ మందును దశలవారీగా తొలగించింది. మన దేశంలో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని, 3 శాతం కప్పుగుళికలు మినహా కార్బోఫ్యూరాన్ ఇతర రూపాలను నిలిపివేసే ఉత్తర్వు 2023లో వచ్చింది. నారుమడిలో, నాటిన మడిలో గుళికలు చల్లే రోజులూ, కొంగలు, ఉల్లంకులు ఆ మడులలో దిగే రోజులూ యాసంగిలో ఒకటే. అందుచేత చెరువుతో పాటు ఆయకట్టు మడులను కూడా అదే ఉదయాన ఒక అరగంట చూడమని నా విన్నపం. నత్తగుల్ల కొంగలు ఏ మడులలో దిగుతున్నాయి, దమ్ము చేసే ట్రాక్టరు వెంట ఎన్ని తెల్లకొంగలు నడుస్తున్నాయి, ఎక్కడైనా చనిపోయిన పక్షి కనిపించిందా అన్నవి నమోదు కావాలి. చనిపోయిన పక్షిని చేతితో తాకకూడదు. ఫొటో తీసి, పశువైద్యాధికారికీ అటవీ శాఖకూ తెలియజేయాలి.

చట్టంలో లేని చెరువు

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దానిని ఈ గణనలో పాల్గొనేవారు తప్పక తెలుసుకోవాలి. 2017 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నిబంధనలు "చిత్తడి నేల" అనే నిర్వచనం నుంచి నదీ పాయలను, వరి పొలాలను, తాగునీటి కోసం తవ్విన చెరువులను, సాగునీటి కోసం ప్రత్యేకించి నిర్మించిన కట్టడాలను మినహాయించాయి. మన చెరువులు దాదాపు అన్నీ సాగునీటి కోసం మనుషులు కట్టినవే. మైలమ తవ్వించినదైనా, నిన్న దేవాదుల కింద కట్టినదైనా ఆ నిర్వచనానికి బయటనే నిలుస్తాయి. శిఖం భూముల రక్షణకు, చెరువుల ఆక్రమణ నివారణకు రెవెన్యూ, నీటిపారుదల నియమాలు, 2002 నాటి వాల్టా చట్టం ఉన్నాయి. వాటి దృష్టిలో చెరువు ప్రధానంగా నీటి నిల్వ. అక్కడ పక్షి కూడా ఉన్నదని చెప్పే కాగితం గణన పత్రం ఒక్కటే.

అంతర్జాతీయంగా సంఖ్యకు ఉన్న విలువ మరింత స్పష్టం. 1971 నాటి రామ్‌సర్ ఒడంబడిక ప్రకారం ఇరవై వేల నీటిపక్షులకు క్రమంగా ఆశ్రయమిచ్చే చోటు, లేదా ఒక జాతి జనాభాలో ఒక శాతానికి నిలయమైన చోటు అంతర్జాతీయ ప్రాముఖ్యం గలదిగా గుర్తింపు కోరవచ్చును. కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లో వచ్చింది. రాష్ట్రం విడిపోయేనాటికి తెలంగాణ భాగంలో అలాంటి చెరువు ఒక్కటీ లేదు. ఇక్కడి చెరువులు విడివిడిగా చిన్నవి కావటం ఒక కారణం. గొలుసుకట్టు చెరువులను ఒకే వ్యవస్థగా చూసి, ఒకే ఉదయాన లెక్కించి సంఖ్యలను కూడితే చిత్రం వేరుగా ఉండవచ్చును. మంగోలియా, టిబెట్ పీఠభూముల నుంచి హిమాలయాలను దాటి వచ్చే పట్టెతల బాతు ఉదయం ఒక చెరువులో విశ్రమించి, సాయంత్రం మరొక ఊరి పొలంలో మేస్తుంది. దానికి గ్రామ సరిహద్దు తెలియదు. ఒకే ఉదయాన పది చెరువుల మీద పది జట్లు నిలబడాలంటే మనుషులు కావాలి. ఒక జట్టు పది ఉదయాలు తిరిగితే ఆ లెక్కలో ఒకే గుంపు మూడుసార్లు పడే ప్రమాదం ఉన్నది. మండలానికి ఒక పాఠశాల, జిల్లాకు ఒక కళాశాల ఈ పని తలకెత్తుకోగలిగితే, ఇదేమీ అసాధ్యం కాదు.

కట్ట మీది మనుషులు

గణకులలో ఎక్కువమంది పట్టణాల నుంచి వచ్చేవారు. రోడ్డుకు దగ్గరగా ఉన్న చెరువులు ఏటా లెక్కలోకి వస్తాయి, లోపలి కుంటలు రావు. ఈ వంపును సరిదిద్దగలవారు ఊరిలోనే ఉన్నారు. ఏ తూము తెరిస్తే ఏ మూల ఎండుతుందో నీరటికి తెలుసు. ఏ పక్షి ఏ నెలలో దిగుతుందో చేపలు పట్టే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు తెలుసు. వారు చెప్పే పేర్లు పుస్తకాలలోని పేర్లతో కలవకపోవచ్చును. ఒక ఊరిలో తీతువు అన్నదానికి మరొక ఊరిలో వేరే పేరు ఉండవచ్చును. వారిచ్చిన పేరును ఉన్నది ఉన్నట్టు రాసుకుని, ఫొటో చూపించి సరిపోల్చుకోవటమే సరైన పద్ధతి. జాతుల పేర్ల పట్టీ ఇంగ్లీషులో మాత్రమే పంచి, ఊరివారు పాల్గొనటం లేదని వాపోవటంలో న్యాయం లేదు. ఆ పట్టీని మూడు జిల్లాల వాడుక పేర్లతో తెలుగులో తయారు చేయటం మన విశ్వవిద్యాలయ విస్తరణ విభాగాలు తేలికగా చేపట్టగల పని.

చేపల పెంపకందారులకు నీటికాకుల మీద, గూడబాతుల మీద ఉండే కోపాన్ని కూడా గణకులు వినాలి. పిల్ల చేపలను వదిలిన నెలలో గుంపుగా దిగే నీటికాకులు వారికి నష్టమే. ఆ నష్టం ఎంత అన్నది తెలియాలన్నా మళ్ళీ లెక్కే కావాలి.

ఆ ఉదయం ఎనిమిదిన్నరకు మంచు పూర్తిగా విడిపోయింది. చిలువల గుంపు ఒక్కసారి లేచి, ఈలలు వేస్తూ చెరువు చుట్టూ తిరిగి, మళ్ళీ అదే మూల దిగింది. లేచినప్పుడు మరొకసారి లెక్కిద్దామని విద్యార్థులు సిద్ధపడేలోపే అయిపోయింది. పెద్దాయన తెప్పను ఒడ్డుకు లాగి మా దగ్గరకు వచ్చి, బైనాక్యులర్ అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. అవతలి ఒడ్డున తుంగలో మేము చూడని మూడు నల్ల కంకణాలను చూపించాడు. పత్రంలో జాతుల వరుసలో వాటిని చేర్చాము. పరిశీలకుల సంఖ్య అన్న గడిలో నాలుగు అని అప్పటికే రాసి ఉంది. విద్యార్థిని దానిని కొట్టివేసి ఐదు అని రాసింది. మత్తడి కింది గుంటలలో దిగే బాతుల గురించి ఆయన చెప్పిన మాటలను వ్యాఖ్యల గడిలో, చిన్న అక్షరాలతో, పట్టినంత వరకు ఎక్కించాము.